కోటికుక్ నుంచి హబ్సిగూడ దాకా

1950, 60 దశకాల్లో లండన్‌లో ఎవరైనా కారణం తెలియకుండా చనిపోతే, శవం ఎక్కువగా ముగ్గురిలో ఒకరి బల్ల మీదికి చేరేది. కీత్ సింప్సన్, ఫ్రాన్సిస్ క్యాంప్స్, డొనాల్డ్ టియర్. హత్యలు, ఆత్మహత్యలు, నడుస్తూ నడుస్తూ కూలిపోయినవాళ్లు, కోర్టుకు జవాబు చెప్పాల్సిన శవపరీక్షల్లో చాలా భాగం ఈ ముగ్గురే పంచుకునేవారు. 1970లో గిటార్ విద్వాంసుడు జిమీ హెండ్రిక్స్ శవపరీక్ష చేసింది టియరే. 1973లో బ్రూస్ లీ మరణం మీద విచారణ జరిగితే హాంకాంగ్ వెళ్లి సాక్ష్యం చెప్పిందీ ఆయనే. వైద్యచరిత్రలో మాత్రం ఆయన పేరు నిలిచింది ఈ ప్రముఖుల వల్ల కాదు, పేర్లు కూడా బయటికి రాని కొందరు పడుచువాళ్ల గుండెల వల్ల.

సెయింట్ జార్జెస్ ఆస్పత్రిలో పనిచేసే టియర్‌కు కొన్ని శవాలు కొరుకుడు పడలేదు. అందరిదీ చిన్న వయసు. చాలామంది ఉన్నట్టుండి ప్రాణం వదిలినవాళ్లు. గుండె కోసి చూస్తే కింది రెండు గదుల మధ్య గోడ విపరీతంగా బలిసి ఉంది. మామూలు మనిషిలో ఆ గోడ మందం సుమారు ఒక సెంటీమీటరు. మైక్రోస్కోపు కింద ఇంకో వింత కనిపించింది. నాటేసిన వరిమడిలా వరస తీరి ఉండాల్సిన కండర కణాలు తొక్కేసిన గడ్డిలా అడ్డదిడ్డంగా అల్లుకుపోయి ఉన్నాయి. 1958లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో టియర్ ఈ గుండెల గురించి రాశారు. ఇది ఒక రకం కంతి కావచ్చునని ఆయన అనుకున్నారు. ఆ ఊహ తప్పు. చూసింది మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం. ఈ జబ్బునే ఇవాళ హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ అంటున్నారు. తెలుగులో చెప్పాలంటే గుండె కండరం అకారణంగా బలిసిపోయే జబ్బు.

టియర్ కంటే ముందు దీన్ని చూసినవాళ్లు లేకపోలేదు. 1860ల చివర్లోనే పారిస్ వైద్యులు ఇలాంటి గుండెల్ని వర్ణించారు. 1949లో లండన్ వైద్యుడు విలియం ఎవాన్స్ కొన్ని కుటుంబాల్లో పెద్ద గుండె తరతరాలుగా వస్తోందని రాశారు. అయినా అవి విడివిడిగా, ఎవరికీ పట్టని పుటల్లో ఉండిపోయాయి. టియర్ వ్యాసం తర్వాత రెండేళ్లకే, 1960లో, ఆర్థర్ హోల్మన్, జాన్ గుడ్విన్, జన్యుశాస్త్రవేత్త జేమ్స్ రెన్విక్‌లతో కలిసి ఆయన ఇంకో వ్యాసం అచ్చువేశారు. ఈసారి విషయం ఒక గుండె కాదు, ఒక కుటుంబం. శవాల గది నుంచి కథ ఇంటి గడపలోకి నడిచింది అప్పుడే. ఆ తర్వాత ఈ జబ్బు విషయంలో వైద్యం వేసిన ప్రతి పెద్ద అడుగు వెనకా ఎవరో ఒక డాక్టరు ఓపిగ్గా కూర్చుని, మీ ఇంట్లో ఇంకెవరు ఇలా పోయారు అని అడిగిన సందర్భం ఉంది.

అదే కాలంలో అట్లాంటిక్ అవతల, వాషింగ్టన్ పక్కనున్న బెథెస్డాలో, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఇంకో చిక్కుముడి పడింది. గుండె వైద్యుడు యూజీన్ బ్రౌన్‌వాల్డ్ సన్నటి గొట్టం లోపలికి పంపి ఒత్తిడి కొలిస్తే, రక్తం బయటికి పోయే దారిలో ఏదో గట్టి అడ్డం ఉందని తేలింది. సర్జన్ ఆండ్రూ మారో ఛాతీ తెరిచి, గుండెను ఆపి వెతికితే అడ్డం లేదు. ఇద్దరూ నివ్వెరపోయారు. కొలత తప్పు కాదు, వెతకడమూ తప్పు కాదు. ఆ అడ్డం కొట్టుకుంటున్న గుండెలోనే పుడుతుంది, ఆగిన గుండెలో మాయమవుతుంది. బలిసిన గోడ వైపుకు వాల్వు రేకు ఈడ్చుకుపోయి, సరిగ్గా రక్తం బయటికి చిమ్మాల్సిన క్షణంలో దారి మూసేస్తుంది. లండన్ సర్జన్ రస్సెల్ బ్రాక్‌కు 1957లో ఎదురైన వింతా ఇదే.

మారో అక్కడితో ఆగలేదు. బలిసిన గోడలోంచి కొంత కండను చెక్కి తీసే ఆపరేషన్‌ను తీర్చిదిద్దారు. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ ఆపరేషన్‌ను ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎందరి గుండెల్లోనో ఆ గోడను పలచన చేసిన మారోకు కూడా అదే జబ్బు. 1982లో ఆ జబ్బుతోనే ఆయన చనిపోయారు.

ఆ రోజుల్లో ఈ జబ్బుకు ఒక్కో దేశంలో, ఒక్కో ఆస్పత్రిలో ఒక్కో పేరు. అన్నీ కలిపి లెక్కేస్తే 75కు పైగా తేలాయి. అమెరికావాళ్లు ఒకలా, టొరంటోవాళ్లు ఒకలా, లండన్‌వాళ్లు ఇంకోలా అనేవారు. ఏనుగును తడిమిన గుడ్డివాళ్ల కథలో లాగా ఎవరి చేతికి తగిలిన భాగానికి వాళ్లు పేరు పెట్టారు. మొత్తం ఏనుగును చూడాలంటే కుటుంబం మొత్తాన్ని చూడాలి. ఆ పని కెనడాలో జరిగింది.

క్విబెక్ రాష్ట్రంలో, అమెరికా సరిహద్దుకు దగ్గర్లో కోటికుక్ అనే చిన్న ఊరుంది. మాంట్రియల్ రాయల్ విక్టోరియా ఆస్పత్రి వైద్యుడు పీటర్ పారే ఆ ఊరి ఫ్రెంచ్ కెనడియన్ కుటుంబం ఒకదాని మీద దృష్టి పెట్టారు. ఆయనకు తోడుగా నిలిచినవాళ్లలో రేడియాలజిస్టు రాబర్ట్ ఫ్రేజర్ ఒకరు. ఒక మనిషి జబ్బు గురించి కాక, ఐదు తరాల మనుషుల గురించి వాళ్లు లెక్క కట్టారు. ఎవరు ఎప్పుడు పోయారు, ఎవరికి గుండె చప్పుడులో తేడా ఉంది, ఎవరి ఈసీజీ గీత వంకరగా ఉంది, ఎవరు నిక్షేపంగా ఉన్నారు. 1961లో ఆ వంశవృక్షం అచ్చయింది. అందులో ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. తల్లికో తండ్రికో జబ్బుంటే పిల్లల్లో దాదాపు సగం మందికి వస్తోంది. మగపిల్లలకూ వస్తోంది, ఆడపిల్లలకూ వస్తోంది. తరం దాటి పోవడం లేదు.

ఇది చిన్న విషయం కాదు. మనిషికి ప్రతి జన్యువూ రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కొన్ని జబ్బులు రావాలంటే రెండు ప్రతులూ చెడాలి. ఈ జబ్బుకు ఒకటి చెడితే చాలు. అందుకే ప్రతి కాన్పులోనూ బొమ్మా బొరుసూ వేసినట్టు సగం సగం అవకాశం. ఒకే ఇంట్లో అన్నకు వచ్చి తమ్ముడికి రాకపోవచ్చు, అక్కాచెల్లెళ్లు ఇద్దరికీ రావచ్చు.

1961లో పారే చేతిలో వంశవృక్షం ఉంది కానీ, ఏ జన్యువు చెడిందో కనిపెట్టే పనిముట్టు ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. ఎకో పరీక్ష కూడా ఇంకా ఇంత దూరం రాలేదు. అది 1970ల్లో అందుబాటులోకి వచ్చింది. ఛాతీ మీద ఒక చిన్న పరికరం ఆనించి గుండె గోడ మందాన్ని నొప్పి లేకుండా కొలవడం మొదలయ్యాక, 1973లో బెథెస్డా వైద్యులు రోగుల బంధువుల్ని వరసపెట్టి పరీక్షించారు. ఏ బాధా లేదని చెప్పిన బంధువుల్లో కూడా ఎందరికో గోడ బలిసి ఉందని బయటపడింది. అప్పటిదాకా శవపరీక్షలోనో, ఛాతీ కోసినప్పుడో తెలిసే జబ్బు, బతికున్న మనిషిలో ముందుగానే కనిపించసాగింది. మన ఊళ్లలో అందరూ టూడీ ఎకో అని పిలిచే పరీక్ష ఆ పనిముట్టు సంతతే. ఈ జబ్బు చరిత్రలో జన్యు పరీక్ష కంటే ఎక్కువ ప్రాణాలకు దారి చూపింది ఎకోనే. ఈ మాట అంటే జన్యుశాస్త్రవేత్తలు కూడా నొచ్చుకోరు.

కోటికుక్ కుటుంబం కథ 28 ఏళ్ల తర్వాత మళ్లీ మొదలైంది. ఈసారి బోస్టన్‌లో. హార్వర్డ్ వైద్య కళాశాలలో క్రిస్టీన్ సీడ్‌మన్, జొనాథన్ సీడ్‌మన్ దంపతులు ఈ జబ్బుకు మూలమైన జన్యువు కోసం వెతుకుతున్నారు. మనిషిలో 23 జతల క్రోమోజోములు. వాటిలో ఎక్కడో ఒక తప్పు దాక్కుని ఉంది. పద్ధతి చెప్పడానికి సులువు, చేయడానికి నరకం. ఒకే కుటుంబంలో జబ్బున్నవాళ్ల రక్తమూ, లేనివాళ్ల రక్తమూ తీసుకోవాలి. జబ్బున్నవాళ్లందరిలో ఉండి, లేనివాళ్లలో లేని క్రోమోజోము ముక్క ఏదో వెతకాలి. దీనికి పెద్ద కుటుంబం కావాలి. ఎవరు ఎవరి బిడ్డో పక్కాగా తెలియాలి. అందుకు పారే కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. 1989లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన వ్యాసం ఆ ముక్క 14వ క్రోమోజోము మీద ఉందని తేల్చింది. ఆ వ్యాసం రచయితల్లో పీటర్ పారే పేరూ ఉంది. 1961లో వంశవృక్షం గీసిన మనిషి దాని చివరి కొమ్మ దాకా వచ్చి చూశాడన్నమాట.

మరుసటి ఏడాది, 1990లో, తప్పు ఏమిటో కూడా దొరికింది. గుండె కండరంలో మయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. 1935 అమైనో ఆమ్లాలను గొలుసుగా గుచ్చితే అది తయారవుతుంది. కోటికుక్ కుటుంబంలో జబ్బున్నవాళ్లందరికీ ఆ గొలుసులో 403వ పూస మారిపోయి ఉంది. ఆర్జినైన్ ఉండాల్సిన చోట గ్లుటమైన్ ఉంది. జన్యువులో మారింది ఒకే ఒక్క అక్షరం. ఐదు తరాల చావులకు మూలం అంతే.

ఒక్క పూస మారితే ఇంత అనర్థం ఎందుకు? బావిలోంచి చేద తోడేటప్పుడు రెండు చేతులూ మార్చి మార్చి తాడు లాగుతాం. ఒక చేయి పట్టు వదిలితేనే ఇంకో చేయి పట్టుకునేది. గుండె కండరంలో మయోసిన్ తలలు చేసే పని ఇదే. కోట్ల చేతులు తాడు లాంటి మరో ప్రొటీన్‌ను లాగుతూ వదులుతూ ఉంటాయి. పని లేని చేతులు కాసేపు ముడుచుకుని విశ్రాంతి తీసుకుంటాయి. ఈ జబ్బులో విశ్రాంతి తీసుకోవాల్సిన చేతులు కూడా తాడు మీదికి ఎగబడతాయి. గుండె అవసరాన్ని మించి గట్టిగా బిగుసుకుంటుంది, సరిగ్గా వదులు కాదు, శక్తి వృథా అవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గోడ బలుస్తుంది, కణాల వరస చెదురుతుంది. వరస చెదిరిన చోట విద్యుత్తు దారి తప్పుతుంది. ఒకరోజు ఆ దారి తప్పిన విద్యుత్తు గుండెను కొట్టుకోనివ్వకుండా వణికిస్తుంది. ఉన్నట్టుండి పోయాడు అని ఇంట్లోవాళ్లు చెప్పే చావు అదే.

మయోసిన్ చేతుల్ని అదుపులో పెట్టే మేస్త్రీ లాంటి ప్రొటీన్ ఇంకొకటుంది. పేరు మయోసిన్ బైండింగ్ ప్రొటీన్-సి. దాని జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంటుంది. అది చెడినా ఇదే జబ్బు వస్తుందని 1995లో తేలింది. ఆ తర్వాత మరికొన్ని జన్యువులూ జాబితాకెక్కాయి. ఈ జబ్బు అరుదైనది కాదని తెలిసింది కూడా అదే ఏడాది. అమెరికాలో నాలుగు వేలకు పైగా యువతీయువకులకు ఎకో చేసి చూస్తే, 500 మందిలో ఒకరికి గోడ బలిసి ఉందని బ్యారీ మారన్ బృందం లెక్క తేల్చింది.

ఇక్కడి నుంచి కథ మనవైపు తిరుగుతుంది.

2003లో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం, తిరువనంతపురం శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ, జర్మనీ పరిశోధకులు కలిసి భారతీయ కుటుంబాల్లో ఒక వింత లోపాన్ని గుర్తించారు. మేస్త్రీ ప్రొటీన్ జన్యువులో 25 అక్షరాలు మాయమై ఉన్నాయి. ఆ 25 అక్షరాలూ ప్రొటీన్‌ను రాసే భాగంలోవి కావు, పక్కనున్న ఖాళీ భాగంలోవి. అయినా అవి లేకపోతే తర్వాతి వాక్యం చదవడంలో కణం తడబడుతుంది. ఒక పేరా దాటేసి ముందుకు పోతుంది. ఇది ఒకటి రెండు కుటుంబాల గోడేనా, ఇంకా ఎక్కడైనా ఉందా? ఆ ప్రశ్న హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీకి చేరింది.

ఉప్పల్ రోడ్డు మీద వెళ్లేవాళ్లందరికీ ఆ ఆవరణ తెలిసిందే. దాని పునాది పుష్ప మిత్ర భార్గవ వేసింది. దేశంలో డీఎన్ఏ వేలిముద్రల పరీక్షకు ఆద్యుడైన లాల్జీ సింగ్ దాన్ని నడిపించారు. ఆయన దగ్గర పనిచేసిన కుమారస్వామి తంగరాజ్ భారతదేశపు నలుమూలల నుంచి, తెగల నుంచి, కులాల నుంచి రక్త నమూనాలు సేకరించారు. మనుషులు ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచి వచ్చారో తెలుసుకోవడానికి పోగైన ఆ భాండారం గుండె జబ్బు ప్రశ్నకు జవాబు వెతకడానికి అక్కరకొచ్చింది. పెరుందురై ధండపాణి, శక్తివేల్ సదయప్పన్ తదితరులతో కలిసి ఆ బృందం 2009లో నేచర్ జెనెటిక్స్‌లో రాసిన వ్యాసం సంచలనమైంది. దక్షిణాసియా జనాభాలో సుమారు 4 శాతం మందిలో ఆ 25 అక్షరాల లోపం ఉంది. అంటే దాదాపు 6 కోట్ల మంది. లోపం ఉన్నవాళ్లకు గుండె కండరం జబ్బు వచ్చే ముప్పు సుమారు 7 రెట్లని లెక్క. ఆ లోపం పుట్టి దాదాపు 33 వేల ఏళ్లయిందని అంచనా. ఇంత కీడు చేసేది ఇన్ని వేల ఏళ్లు ఎలా మిగిలిందంటే, దాని దెబ్బ తగిలేది ఎక్కువగా నడివయసు దాటాక. అప్పటికే పిల్లలు పుట్టి, లోపం వాళ్లకు అందిపోయి ఉంటుంది.

ఆ వ్యాసం రచయితల జాబితా తెలుగు పాఠకులు ఒకసారి చదవదగ్గది. ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్ర విభాగం నుంచి ప్రతిభా నల్లారి, హైదరాబాద్ గుండె వైద్యుడు కలంబూర్ నరసింహన్, సీసీఎంబీలో దీప సెల్వి రాణి. హైదరాబాద్ ఆస్పత్రుల ఓపీల్లో కూర్చున్న రోగుల రక్తం, వాళ్ల కుటుంబాల కథలు ఆ లెక్కల్లో ఉన్నాయి. కోటికుక్‌లో పారే చేసిన పనే, వేరే పేర్లతో, వేరే భాషలో ఇక్కడ జరిగింది.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది కానీ, నిజం అలా ముగియదు. 6 కోట్ల మందికి లోపం ఉంటే, అందరికీ జబ్బు రావడం లేదేం? చాలామంది ముసలితనం దాకా నిక్షేపంగా బతుకుతున్నారే. ఈ అనుమానం పరిశోధకుల్ని వదల్లేదు. 2018లో సదయప్పన్ బృందమే అమెరికాలో స్థిరపడ్డ దక్షిణాసియావాళ్లలో 2 వేల మందికి పైగా పరీక్షించి, 25 అక్షరాల లోపం ఉన్నవాళ్లలో కొందరికి అదే జన్యువులో ఇంకో మార్పు కూడా ఉందని చూపింది. గుండె ఎక్కువ గట్టిగా బిగుసుకునే లక్షణం ఆ రెండూ కలిసున్నవాళ్లలో కనిపించింది. 2020లో ఇంగ్లండ్ నుంచి ఇంకో పరిశోధన వచ్చింది. 25 అక్షరాల లోపానికి అంటిపెట్టుకుని, కొందరిలో మాత్రమే ఉండే వేరే ఒక్క అక్షరపు మార్పే అసలు దోషి అని, అది లేని మిగతా వాళ్లకు ముప్పు పెద్దగా లేదని తేల్చింది. దొంగ పక్కన నడిచినందుకు ఇన్నాళ్లూ అమాయకుణ్ణి కూడా అనుమానించామన్నమాట.

దీన్ని 2009 పరిశోధన ఓటమిగా చూడటం అన్యాయం. దక్షిణాసియావాళ్ల గుండె జన్యువుల మీద ప్రపంచం చూపు తిప్పింది అదే. ఆ వ్యాసం లేకపోతే అసలు దోషిని వెతికేవాళ్లే ఉండేవారు కాదు. కానీ ఈ సవరణ లక్షల ఇళ్లకు సంబంధించినది. ఎక్కడో చేయించుకున్న జన్యు పరీక్ష రిపోర్టులో 25 అక్షరాల లోపం ఉంది అని చూసి గుండె జారిపోయేవాళ్లకు, అది ఒక్కటే ఉంటే జబ్బు వచ్చినట్టు కాదని చెప్పేవాళ్లు కావాలి. రిపోర్టు చదివి వినిపించే జెనెటిక్ కౌన్సెలర్లు మన దగ్గర ఇంకా చాలా తక్కువ.

ఇలాంటి పొరపాటు అమెరికాలోనూ జరిగింది. ఈ జబ్బుకు కారణమని ముద్ర వేసిన కొన్ని మార్పులు నిజానికి నల్లజాతివాళ్లలో మామూలుగా ఉండేవేనని, ఎందరికో తప్పు రిపోర్టులు వెళ్లాయని 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ బయటపెట్టింది. కారణం సులువు. ఏది మామూలో తేల్చడానికి పెట్టుకున్న కొలబద్దలో ఎక్కువగా తెల్లవాళ్లే ఉన్నారు. అందుకే 10 వేల మంది భారతీయుల జన్యుపటాలు చదివిన జీనోమ్ ఇండియా పథకం గుండె జబ్బుల పరీక్షకు కూడా అవసరమైన పనే. ఆ సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది.

మేనరికాల మాట ఎత్తకుండా ఈ కథ తెలుగువాళ్లకు చెప్పలేం. ఒక్క ప్రతి చెడితే వచ్చే జబ్బులకు మేనరికంతో పెద్దగా పని లేదు. కానీ రెండు ప్రతులూ చెడినప్పుడు వచ్చే గుండె జబ్బులు వేరు, చాలా క్రూరమైనవి. గ్రీసులోని నాక్సోస్ దీవిలో నికోస్ ప్రొటోనొటారియోస్, అదలీనా చాచోపులూ అనే వైద్యులు 1986లో ఒక వింత జబ్బును వర్ణించారు. పుట్టుకతోనే ఉన్నిలాంటి ఉంగరాల జుట్టు, నడక నేర్చేసరికి అరచేతులూ అరికాళ్లూ మందంగా గట్టిపడటం, యవ్వనం వచ్చేసరికి గుండె లయ తప్పడం. ఆ దీవిలో పిల్ల జుట్టు తడిమి చూస్తే చాలు, గుండె సంగతి తెలిసేది. అసలు జన్యువు 2000 సంవత్సరంలో దొరికింది. అమెరికాలో ఒహాయో ప్రాంతపు ఆమిష్ సమాజంలో, తమలో తాము పెళ్లిళ్లు చేసుకునే ఆచారం వల్ల, మేస్త్రీ ప్రొటీన్ జన్యువు రెండు ప్రతులూ చెడిన పసికందులు పుట్టి, నెలల్లోనే గుండె విఫలమై చనిపోతున్నట్టు 2008లో వైద్యులు రాశారు. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో ఇలా జరుగుతుందని కాదు. ఇంట్లో ఈ జబ్బు ఉందని తెలిసి కూడా అడగకుండా సంబంధం కలుపుకోవడం మాత్రం తప్పే.

వైద్యం ఏమాత్రం ముందుకొచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1960ల్లో వచ్చిన ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలు గుండె వేగాన్ని తగ్గించి, నిండటానికి వ్యవధి ఇస్తాయి. మారో ఆపరేషన్ సంగతి చూశాం. కత్తి పెట్టకుండా, గోడకు రక్తం పంపే చిన్న నాళంలోకి ఆల్కహాల్ ఎక్కించి ఆ కండను ఎండగట్టే పద్ధతిని ఉల్రిక్ సిగ్వార్ట్ 1994లో లండన్‌లో మొదలుపెట్టారు. వీటన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు నిలిపింది ఒంట్లో అమర్చే ఐసీడీ అనే పరికరం. దాన్ని తయారు చేసిన మిషెల్ మిరోవ్‌స్కీకి ఆ ఆలోచన వచ్చింది, తన గురువు గుండె లయ తప్పి 1966లో చనిపోయినప్పుడు. 1980 ఫిబ్రవరి 4న బాల్టిమోర్ జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో మొదటిసారి మనిషికి అమర్చారు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన ఇప్పటి పరికరం చర్మం కింద కూర్చుని, గుండె వణికిపోతే ఒక్క షాక్‌తో దారికి తెస్తుంది. ఈ జబ్బున్న 128 మందికి ఐసీడీ పెట్టి చూస్తే దాదాపు నాలుగో వంతు మందిలో అది అవసరమైన వేళ పనిచేసిందని 2000లో తేలింది. ఇక ముందే చెప్పుకున్న తాడు లాగే చేతుల్లో కొన్నిటిని విశ్రాంతిలోకి పంపే మందు మావాకామ్టెన్‌కు 2022 ఏప్రిల్‌లో అమెరికా అనుమతి దొరికింది. 403వ పూస దొరికిన 32 ఏళ్లకు ఆ జ్ఞానం మాత్ర రూపం తీసుకుంది.

మైదానాల్లో జరిగిన చావులు ఈ జబ్బును లోకానికి తెలిపాయి. 2003 జూన్ 26న ఫ్రాన్సులోని లియాన్‌లో కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియన్ ఫో ఆడుతూ ఆడుతూ కూలిపోయాడు. వయసు 28. శవపరీక్షలో బలిసిన గుండె కనిపించింది. ఇటలీ మాత్రం 1982లోనే పోటీల్లో ఆడేవాళ్లందరికీ ఈసీజీ తప్పనిసరి చేసింది. వెనెటో ప్రాంతంలో కుర్ర ఆటగాళ్ల హఠాన్మరణాలు ఆ తర్వాత 89 శాతం తగ్గాయని పాదువా వైద్యులు 2006లో చూపారు. ఇజ్రాయెల్‌లో అలాంటి చట్టమే అంత ఫలితం ఇవ్వలేదు. వాదన ఇంకా నడుస్తోంది.

మన దేశంలో ఈ జబ్బు కోర్టు మెట్లు కూడా ఎక్కింది. ఇది జన్యు సంబంధమైన జబ్బు, పాలసీలో జన్యు జబ్బులకు వర్తించదని రాశాం అంటూ ఒక బీమా కంపెనీ ఒక రోగి క్లెయిమును తిరస్కరించింది. 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి ప్రతిభా ఎం. సింగ్ ఆ నిబంధన మరీ విశాలంగా, అస్పష్టంగా ఉందని, వివక్ష చూపుతోందని, రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని తీర్పు చెప్పారు. మరుసటి నెలలోనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, జన్యు జబ్బు అనే సాకుతో క్లెయిములు కొట్టేయవద్దని కంపెనీలకు రాసింది. వివాదం తర్వాత సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పరీక్ష చేయించుకుంటే రేపు బీమా రాదేమోనన్న భయం జనాన్ని ల్యాబు గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఆ భయం తీరకుండా ఎంత గొప్ప పరీక్ష ఉండీ లాభం లేదు.

మన ఇళ్లలో ఇలాంటి చావుల్ని చెప్పుకునే తీరు వేరు. దిష్టి తగిలిందంటారు, గాలి సోకిందంటారు, ఆయుష్షు అంతేనంటారు. బావి గట్టున పడిపోయిన చిన్నాన్న, పెళ్లయిన ఏడాదికే నిద్రలో పోయిన మేనత్త, ఆటల పోటీలో కూలిపోయిన మనవడు మూడు వేర్వేరు కథలుగా మిగిలిపోతారు. అందులోనూ ఒక చిక్కుంది. మనం వంశాన్ని ఇంటిపేరుతో, గోత్రంతో లెక్కపెడతాం. పెళ్లయిన ఆడపిల్ల ఇంటిపేరు మారిపోతుంది, ఆమె పిల్లలు మన వంశవృక్షంలోంచి జారిపోతారు. జన్యువుకు ఇంటిపేర్లు తెలియవు. మేనత్త పిల్లలూ, అమ్మమ్మ వైపు మేనమామలూ ఆ చెట్టులో కొమ్మలే. డాక్టరు దగ్గర కూర్చుని, మావైపు ఎవరూ లేరండీ అని చెప్పేటప్పుడు తల్లి వైపువాళ్లను లెక్కలో వేసుకున్నారా అన్నది సరిచూసుకోవాలి.

అందుకే ఒక విన్నపం. మీ కుటుంబంలో నలభై ఏళ్ల లోపు ఎవరైనా ఉన్నట్టుండి ప్రాణం వదిలి ఉంటే, వాళ్ల పేరు, వయసు, ఆ సమయంలో ఏం చేస్తున్నారో ఒక కాగితం మీద రాయండి. అప్పుడప్పుడు కళ్లు తిరిగి పడిపోయే మనిషి ఉంటే ఆ సంగతీ రాయండి. శవపరీక్ష జరిగి ఉంటే ఆ కాగితం పారేయకండి. ఈ కాగితాలన్నీ గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, పోయినవాళ్ల తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు ఒక ఈసీజీ, ఒక టూడీ ఎకో చేయించుకోండి. ఒకరికి జబ్బు తేలితే ముందు ఆ మనిషికే జన్యు పరీక్ష చేయించాలి. అందులో జన్యువు దొరికితే మిగతా వాళ్లకు ఆ ఒక్క మార్పు కోసం వెతికితే సరిపోతుంది. అది లేదని తేలినవాళ్లు, వాళ్ల పిల్లలు, ఇక ఏటేటా పరీక్షలకు తిరగక్కర్లేదు. జన్యువు దొరకని కుటుంబాలూ ఉంటాయి. అక్కడ ఎకోనే ఆధారం. పిల్లలకు ఒకసారి బాగుందంటే సరిపోదు, ఒకటి రెండేళ్లకోసారి మళ్లీ చేయించాలి. పెద్దవాళ్లకు మూడు నుంచి ఐదేళ్లకోసారి.